కిలో లెక్కలో పడని పని

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఆ షెడ్డుకి నన్ను లాక్కెళ్లింది మా మేనల్లుడు. వాడు హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో పైపింగ్ స్ట్రెస్ ఇంజినీరు. సీజర్ టూ అనే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని, రిఫైనరీల్లో ఏ పైపు ఎక్కడ ఆనాలో, ఎక్కడ జరగాలో, ఎక్కడ కదలకుండా నిలవాలో లెక్క కట్టడం వాడి ఉద్యోగం. "మావయ్యా, చేనేత మీద రాశావు, ఇత్తడి పని మీద రాశావు. నా బొమ్మలు ఇనుమయ్యే చోటు కూడా ఒకసారి చూడు" అని చాలాకాలంగా అడుగుతున్నాడు. తీరా వెళ్లాక తెలిసింది, ఆ చోటు వాడూ చూడలేదట. ఆరేళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి.

షెడ్డు యజమాని మమ్మల్ని కొత్తగా కొన్న కటింగ్ మెషీను దగ్గరికి తీసుకెళ్లబోయాడు. నా చూపు మాత్రం వెనకవైపు గోడవార గొంతుక్కూర్చుని నేల మీద సుద్దతో గీతలు గీస్తున్న మేస్త్రీ మీద పడింది. అరవై దాటి ఉంటాయి. ఇక మధ్యాహ్నం దాకా అక్కణ్నుంచి కదల్లేదు నేను.

ఆయన గీస్తున్నది 12 అంగుళాల పైపుకి షూ. పైపు దూలం మీద నేరుగా పడుకోకుండా, దాని పొట్టకి అతికించే ఇనుప పీట అది. పైన కప్పిన ఇన్సులేషన్ నలగకూడదు, అడుగున నీరు నిలవకూడదు, పైపు వేడెక్కినప్పుడు సాఫీగా జారాలి. హెచ్ ఆకారపు దూలాన్ని నిలువునా రెండుగా కోస్తే రెండు 'టీ'లు వస్తాయి. ఒక్కో 'టీ' ఒక్కో షూ. డ్రాయింగ్ పక్కనే ఉంది. అయినా అసలు కొలతకి సుద్దతో గీసుకుంటాడు. "నేల మీద సూసుకుంటేగానీ చేతికి నమ్మకం రాదు బాబూ" అన్నాడు.

షూకీ పైపుకీ మధ్య ఒక ప్యాడ్ వేస్తారు. అదే సైజు వంపున్న ప్లేటు ముక్క. దాని చుట్టూ వెల్డింగ్ చేసే ముందు ఆయన డ్రిల్లు తీసుకుని ప్యాడ్‌కి చిన్న కన్నం పెట్టాడు. రజను ఊదేసి, అంచుల్ని ఆకురాయితో మెల్లగా నున్న చేశాడు. వేలు పెట్టి తడిమి, మళ్లీ రెండుసార్లు రాశాడు. ఎందుకని అడిగాను. "సుట్టూ మూసేస్తే లోపల గాలి ఇరుక్కుంటాది. వెల్డింగ్ వేడికి అది బయటికి తన్నుతాది. ఇంకోటి, రేపు పైపు ఈ ప్యాడ్ కింద తూటు పడితే ఏ కంటికీ కనపడదు. ఈ కన్నంలోంచి చుక్క కారితేనే తెలుస్తాది" అన్నాడు. మా వాడు నా వైపు చూశాడు. ఆ కన్నం వాడి డ్రాయింగుల్లోనూ ఉంటుంది. దాన్ని పెట్టే చెయ్యిని చూడటం మాత్రం వాడికి అదే మొదలు.

పైపుల సంగతి తెలియనివాళ్లు వాటికి ఆధారమంటే గట్టిగా పట్టుకునేదనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు పని పట్టుకోవడంలో కన్నా వదలడంలో ఎక్కువ ఉంది. మామూలు ఉక్కు ప్రతి 100 డిగ్రీలకీ మీటరుకి 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 100 మీటర్ల ఆవిరి లైను 30 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకి చేరితే 20 సెంటీమీటర్లకు పైగా సాగుతుంది, దాదాపు జానెడు. ఆ జానెడునీ ఆపుతానంటే పైపు ఊరుకోదు. దూలాన్ని వంచుతుంది, లేదా చివరనున్న పంపు మెడ విరుస్తుంది. అందుకే నడుమ నడుమ 'యూ' ఆకారపు వంపులు పెడతారు. ఒకచోట కదలకుండా బిగిస్తారు, మిగతా చోట్ల దారి మాత్రం చూపించి జరగనిస్తారు.

షూ పొడవు సాధారణంగా 300 మిల్లీమీటర్లు. చల్లగా ఉన్నప్పుడు దూలం మీద నడిమధ్యన పెడితే చూడముచ్చటగా ఉంటుంది. కానీ పైపు ఒకవైపుకే 200 జరిగితే ఆ షూ దాదాపు దూలం దాటిపోతుంది. జారి కిందికి దిగిందంటే, పైపు చల్లారి వెనక్కి వచ్చేటప్పుడు దాని అంచు దూలానికి తగులుకుని లాగేస్తుంది. కాబట్టి పైపు జరిగే దిక్కుకి ఎదురుగా, ముందే వెనక్కి పెట్టాలి. "సల్లగా ఉన్నప్పుడు వంకరగా కనపడాల. వేడెక్కాక సర్దుకుంటాది. సైటులో కొత్త ఇన్‌స్పెక్టర్లు వచ్చి, మధ్యలో నేదేటి, సరిసెయ్యండి అంటారు" అన్నాడు మేస్త్రీ. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది.

షూ పక్కకి పోకుండా దారి చూపే గైడ్‌కీ షూకీ నడుమ ఇటు 3, అటు 3 మిల్లీమీటర్లకి తగ్గకుండా సందు ఉండాలి. దానికాయన వాడే కొలబద్ద, పూత రాలగొట్టిన 3.15 సైజు వెల్డింగ్ రాడ్డు ముక్క. సందులో అది ఆడితే సరే. ఇరుక్కుంటే గైడ్ విప్పి మళ్లీ పెట్టాల్సిందే. నా ఎదుట మూడు గైడ్లకి ఆ ముక్కతో పరీక్ష పెట్టాడు. మూడోది ఇరుక్కుంది. టాకా కొట్టి విడదీసి మళ్లీ నిలబెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది.

టీ తాగేటప్పుడు విన్నానొక మాట. సూపర్‌వైజరు వచ్చి, పొద్దున్నుంచి ఎన్ని కిలోలయ్యాయని అడిగి వెళ్లాడు. ఈ పనికి కూలీ కిలో లెక్క. మేస్త్రీ పక్కనున్న కుర్ర వెల్డరుతో అన్నాడు: "కన్నానికి కేజీలెక్కడివిరా? సందుకి కేజీలెక్కడివి?"

ఆ మాట నన్ను వదల్లేదు. కన్నం పెడితే బరువు తగ్గుతుంది. సందు సరిచూస్తే పొద్దు పోతుంది. తక్కెడలో పడేది ఇనుమే కనుక, నేర్పుగల మనిషికి ఆ నేర్పే నష్టం. ఇంత కీలకమైన పనికి ఇది తప్పుడు లెక్క. ఆ కుర్ర వెల్డరు ఈ పని నేర్చుకుంటాడా అని మేస్త్రీని అడిగాను. "ఏటి సూసి నేర్సుకుంటాడు బాబూ?" అన్నాడు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో పైపు ఆధారాల మీద ఒక్క క్లాసు కూడా వినలేదని మా వాడూ చెప్పాడు.

సుద్ద గీతలు చూస్తున్నంతసేపూ నా మనసులో ఫ్లిక్స్‌బరో మెదులుతూనే ఉంది. ఇంగ్లండ్‌లోని ఆ రసాయన కర్మాగారంలో 1974లో అయిదో నంబరు రియాక్టరు పగిలితే దాన్ని తీసేసి, నాలుగుకీ ఆరుకీ మధ్య 20 అంగుళాల పైపు తాత్కాలికంగా వేశారు. రెండు కొసల ఎత్తు ఒకటి కాదు కాబట్టి పైపుకి మెలికలు వచ్చాయి. కొసల్లో సాగే బెల్లోలు, కింద ఊతంగా పరంజా గొట్టాలు. ఆ పైపుకి ఉన్న ఒకే ఒక్క బొమ్మ వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీసింది. లోపలి ఒత్తిడి ఆ మెలికని ఎలా తిప్పుతుందో లెక్క చూసినవారు లేరు. జూన్ 1 శనివారం సాయంత్రం అది తెగింది. 28 మంది చనిపోయారు. కంట్రోల్ రూములో ఉన్న 18 మందిలో ఒక్కరూ బతకలేదు.

తప్పు సుద్దది కాదు. అక్కడ చెయ్యి ఉంది, లెక్క లేదు. మన దగ్గర లెక్క హైదరాబాద్‌లో ఉంది, చెయ్యి గాజువాకలో ఉంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవడం లేదు. పైపులకి ఊతాలు ఎప్పుడూ ఆఖరి పనే. మా వాడి లెక్క తేలేసరికే సివిల్ వాళ్లు దూలాలు నిలబెట్టేసి ఉంటారట. ఊతం రావలసిన చోట అడ్డకమ్మీ ఉంటుంది. సైటులో కుదిరిన చోట అతికిస్తారు.

ఈ ఊతాలకి విశాఖలో ఇంకో శత్రువు సముద్రపు గాలి. పైపు దూలానికి తాకే చోట రంగు బ్రష్షు దూరదు. ఉప్పు తేమ అక్కడే నిలిచి, బయటికి నిగనిగలాడే పైపుని అడుగు నుంచి తినేస్తుంది. పెద్ద గాలులూ మనకే. జాతీయ ప్రమాణాల ప్రకారం విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లుగా, అంటే గంటకి 180 కిలోమీటర్లుగా లెక్క వేసుకోవాలి. హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి ఆ అంకె గురించి చెప్పనక్కర్లేదు.

వచ్చేముందు మేస్త్రీ ఇంకో సంగతి చెప్పాడు. వేడికి పైకీ కిందికీ కదిలే లైన్లకి స్ప్రింగ్ హ్యాంగర్లు వేస్తారు. 12 అంగుళాల పైపు ఉత్తది మీటరుకి 74 కిలోలు. పరీక్ష కోసం నీళ్లు నింపితే మరో 73 కలిసి రెట్టింపవుతుంది. ఆ బరువుకి స్ప్రింగ్ కుంగకుండా పిన్నులు పెట్టి పంపుతారు. పరీక్షయ్యాక, లైను నడపబోయే ముందు వాటిని తీసెయ్యాలి. ఒక కర్మాగారంలో ఏళ్ల తర్వాత కూడా ఆ పిన్నులు అలాగే ఉండటం, వాటి మీద రెండుసార్లు రంగు కూడా వేసి ఉండటం ఆయన కళ్లారా చూశాడట.

పనిచ్చే కంపెనీలకి నేను చెప్పేది ఒక్కటే. సపోర్టులకి కిలో రేటు తీసేసి, ఒక్కో ముక్కకి రేటు కట్టండి. కన్నానికీ సందుకీ విలువ అందులోనే కలపండి. డిజైన్ ఆఫీసులు తమ పిల్లల్ని ఏడాదికి వారం రోజులు ఇలాంటి షెడ్లకి పంపాలి. ప్లాంట్లలో పనిచేసే మీరు రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు పైప్ రాక్ కింద ఆగి ఒకసారి తలెత్తి చూడండి. షూ దూలం అంచుకు వచ్చి ఉన్నా, నడుస్తున్న లైనుకి స్ప్రింగ్‌లో పిన్ను మిగిలి ఉన్నా మీరు చెయ్యి పెట్టకండి. ఆ రోజే మీ ఇన్‌చార్జికి రాసివ్వండి.