పాత ఇంజను కొనుగోలు

2022లో విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం చెరకు పండే సీమ. అచ్చటి బెల్లాన్ని అనకాపల్లి విపణికి చేర్చే పికప్ వ్యాను ఇంజను గానుగలాడే వేళ చెడితే, యజమాని ఇంట పొయ్యి వెలగదు. కొత్తది కొనే స్తోమత లేక, అతడు అప్పు తెచ్చి విశాఖ ఆటోనగరులో పాత ఇంజనును వెదుకుతాడు.

పైరంగు చూచి బెల్లానికి ధర కట్టవచ్చునుగాని, ఇంజనుకు కట్టరాదు. చల్లగా ఉన్న ఇంజనును తన ఎదుటనే నడిపించి చూడాలి. నీలిపొగ వస్తే లోపల ఆయిలు మండుతున్నదనీ, ఆయిలు పాలవలె తెల్లబారితే అందులో నీరు చేరినదనీ గ్రహించాలి.

ఇంజనుపై చెక్కిన సంఖ్య అమ్మకందారు పత్రాలతో సరిపోవాలి. మార్పును రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించాలి. లేనిచో చౌకబేరమే దొంగసొత్తు కొన్న నేరమై మెడకు చుట్టుకొనవచ్చు. అప్పు తెచ్చిన సొమ్ము వెచ్చించేవాడు రసీదు అడగడానికి మొగమాటపడరాదు.