సఫారీకి ముందు

స్వాహిలీ భాషలో ‘సఫారీ’ అంటే ప్రయాణం అని మాత్రమే అర్థం. అరబ్బీ మూలం నుండి వచ్చిన ఆ మాటలో సింహమూ లేదు, ఏనుగూ లేదు. పొరుగూరి బంధువుల ఇంటికి వెళ్లడమూ సఫారీయే, సరుకుతో సంతకు పోవడమూ సఫారీయే. యూరోపియన్ వేటగాళ్ల నోట పడిన తరువాత ఆ పదం అర్థసంకోచం పొంది, తుపాకి పట్టి మృగాలను వెంటాడే విహారానికి పేరైంది. కాలక్రమంలో తుపాకి స్థానాన్ని కెమెరా ఆక్రమించింది. అయినా ఆ పదానికి తొలినాటి విస్తృతి బయటి ప్రపంచంలో తిరిగి దక్కలేదు. తూర్పు ఆఫ్రికా ప్రయాణానికి ప్రణాళిక వేసుకునే యాత్రికుడు మొట్టమొదట చేయవలసిన పని, ఆ మాటకు దాని పూర్వపు అర్థాన్ని తిరిగి ఇవ్వడమే. మృగాలను చూడడం యాత్రలో ఒక భాగం. ఆ మృగాలు తిరిగే నేల ఎవరిది, అక్కడి మనుషులు ఎలా పలకరించుకుంటారు, ఆ అడవి నిలవడానికి ఎవరు ఏ మూల్యం చెల్లించారు అని తెలుసుకోవడం మిగిలిన భాగం.

ఇందుకు టాంజానియా చక్కని ఉదాహరణ. 1961 డిసెంబర్ 9న స్వాతంత్ర్యం పొందిన టాంగన్యీకా, 1964 ఏప్రిల్ 26న జాంజిబార్ దీవులతో ఏకమైంది. ఆ రెండు పేర్ల కలయికతో ‘టాంజానియా’ అన్న పేరు ఏర్పడింది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అది సంధి జరిగిన దేశం. దాని వైశాల్యం సుమారు 9,45,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలను కలిపినా అందులో మూడో వంతుకు చేరవు. భూభాగంలో నాలుగో వంతుకు పైగా ఏదో ఒక రూపంలో ప్రకృతి సంరక్షణ కింద ఉంది. ఉత్తరాన సెరెంగెటి, న్గొరొంగొరో, తరంగిరే, మన్యారా సరస్సు, దక్షిణాన రువాహా, పడమట టాంగన్యీకా సరస్సు ఒడ్డున, 1960లో జేన్ గుడాల్ చింపాంజీలపై అధ్యయనం ప్రారంభించిన గోంబే. పది, పన్నెండు రోజుల వ్యవధిలో వీటన్నిటినీ చూడాలనుకునేవాడు చివరకు మోటారు వాహనపు కిటికీని మాత్రమే చూసి వస్తాడు. కాబట్టి ప్రణాళికలో తొలి సుగుణం సంయమనం. ఉత్తర ప్రాంతాన్ని, దానితోపాటు జాంజిబార్‌ను ఎంచుకుని, తక్కిన వాటిని విడిచిపెట్టడం వివేకం.

స్థలం నిర్ణయమైన తరువాత కాలాన్ని నిర్ణయించుకోవాలి. సెరెంగెటిలో కాలాన్ని పంచాంగం కాక గడ్డి నిర్దేశిస్తుంది. మాసాయి భాషలో ఆ పేరుకు అంతులేకుండా సాగిపోయే నేల అని అర్థం చెబుతారు. ఆ మైదానంలో పదమూడు లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటి వెంట లక్షలాది జీబ్రాలు, గెజెల్ జింకలు ఏడాది పొడవునా పచ్చిక కోసం వలయాకారంలో తిరుగుతుంటాయి. వైల్డ్‌బీస్ట్‌ను స్వాహిలీలో ‘న్యుంబు’ అంటారు. జనవరి నుండి మార్చి వరకు మందలు దక్షిణాన పొట్టి గడ్డి మైదానాలలో ఉంటాయి. పూర్వం అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద వల్ల అక్కడి నేలలో ఖనిజ లవణాలు పుష్కలం. పాలిచ్చే తల్లులకు ఆ గడ్డి బలవర్ధకం. అందువల్ల ఫిబ్రవరి ప్రాంతంలో కొద్ది వారాల వ్యవధిలోనే లక్షల దూడలు పుడతాయి.

ఏప్రిల్, మే నెలలలో పెద్ద వర్షాలు కురుస్తాయి. అవి వెలిసిన తరువాత మందలు పడమరకు, ఉత్తరానికి సాగుతాయి. జూలై నుండి అక్టోబర్ వరకు మొసళ్లు పొంచి ఉండే మారా నదిని దాటుతూ, కెన్యా సరిహద్దుకు అటూ ఇటూ సంచరిస్తాయి. నవంబర్‌లో చిన్న వర్షాలు మొదలుకాగానే తిరిగి దక్షిణానికి మళ్లుతాయి. కాబట్టి ఏ నెలలో వెళ్లాలన్న ప్రశ్నకు, ఏ దృశ్యాన్ని చూడాలన్న మరో ప్రశ్నే సమాధానం. జననాన్ని చూడదలచినవాడు ఫిబ్రవరిని ఎంచుకుంటాడు. నదీతరణాన్ని చూడదలచినవాడు ఆగస్టును ఎంచుకుంటాడు. అయినా వర్షం మనిషి లెక్కకు లోబడదు. మంద నది ఒడ్డున గంటల తరబడి నిలిచి, దిగకుండానే వెనుదిరగవచ్చు. ఆ నిరీక్షణకు సిద్ధపడని మనస్సుకు ఎంత ఖరీదైన యాత్రయినా నిరాశనే మిగులుస్తుంది.

ఇంతవరకు చెప్పినది ఏ యాత్రా సంస్థ కరపత్రంలోనైనా దొరుకుతుంది. కరపత్రాలు సాధారణంగా విడిచిపెట్టే అధ్యాయం ఒకటి ఉంది. న్యుంబుల కథ, మాసాయిల ఆవుల కథ విడదీయరానివి. న్యుంబు దూడలలో ఉండే ఒక వైరస్ వాటికి హాని చేయదు గాని, ఆవులకు సోకితే ప్రాణాంతకమైన జ్వరాన్ని కలిగిస్తుంది. అందువల్ల దూడలు పుట్టే రుతువులో, ఏడాదిలోకెల్లా శ్రేష్ఠమైన గడ్డి కళ్లెదుట ఉన్నా, మాసాయిలు తమ మందలను ఆ మైదానాలకు దూరంగా తోలుకుపోతారు. మృగానికి దారి విడిచి మనిషి తప్పుకునే ఈ ఏర్పాటు ఏ చట్టమూ విధించినది కాదు. అనుభవం నేర్పిన నియమం అది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. 1890 దశకంలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాను కబళించింది. ఆవులతోపాటు న్యుంబులు, అడవిదున్నలు కూడా కుప్పకూలాయి. మందలనే సర్వస్వంగా భావించిన మాసాయిలు ఘోరమైన కరవుకు గురయ్యారు. ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ వ్యాధి మళ్లీ మళ్లీ తలెత్తి న్యుంబుల సంఖ్యను పెరగనివ్వలేదు. చుట్టుపక్కల గ్రామాల ఆవులకు టీకాలు వేయడంతో 1960 దశకంలో అది అడవి నుండి కూడా తొలగిపోయింది. 1961లో సుమారు రెండున్నర లక్షలుగా ఉన్న న్యుంబులు 1970 దశకం చివరకు పదమూడు లక్షలకు చేరాయి. 2011లో ఆ వ్యాధి ప్రపంచం నుండే నిర్మూలమైనట్లు ప్రకటించారు. నేడు యాత్రికులు ముక్కున వేలేసుకుని చూసే ఆ మహాసమూహం వెనుక, పశుపాలకుల ఆవులకు వేసిన టీకా ఉంది.

ఇలా ముడిపడిన రెండు జీవితాల మధ్య 1959లో ఒక సరిహద్దు గీత పడింది. సెరెంగెటి 1951లో జాతీయోద్యానమైంది. 1958లో మాసాయి పెద్దలు కొందరు, తాము సెరెంగెటిని విడిచిపెడతామని బ్రిటిష్ పాలకుల ఒప్పందంపై అంగీకారం తెలిపారు. అందుకు బదులుగా, 1959లో విడిగా ఏర్పడిన న్గొరొంగొరో సంరక్షణ ప్రాంతంలో మనుషులూ, పశువులూ, మృగాలూ కలిసి జీవించే ఏర్పాటు జరిగింది. ఆ రోజులలోనే జర్మన్ శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ గ్రిమెక్, ఆయన కుమారుడు మైకేల్ చిన్న విమానంలో తిరుగుతూ సెరెంగెటి మృగాలను లెక్కించారు. 1959 జనవరిలో ఒక రాబందు తగిలి విమానం కూలిపోగా మైకేల్ మరణించాడు. అతని సమాధి న్గొరొంగొరో బిలం అంచున ఉంది. కుమారుణ్ణి పోగొట్టుకున్న ఆ తండ్రి సెరెంగెటి రక్షణకు ప్రపంచాన్ని కదిలించాడు. అయితే జాతీయోద్యానంలో మనుషులెవరూ, స్థానికులు సైతం, నివసించరాదన్నది ఆయన దృఢాభిప్రాయం. ఆ సమాధి ముందు నిలిచిన యాత్రికుడు ఒక త్యాగానికి తలవంచాలి. ఇల్లు విడిచి కదలిపోయిన వారి త్యాగానికి అక్కడ శిలాఫలకం లేదని కూడా గుర్తించాలి.

న్గొరొంగొరో బిలం సుమారు 600 మీటర్ల లోతు, దాదాపు 260 చదరపు కిలోమీటర్ల అడుగుభాగం గల మహాద్భుతం. అది ప్రపంచ వారసత్వ స్థలంగా 1979లో గుర్తింపు పొందింది. 1959లో కొన్ని వేలుగా ఉన్న ఆ సంరక్షణ ప్రాంతపు జనాభా కాలక్రమంలో లక్షకు చేరువైంది. పెరిగిన మనుషులను, పశువులను ఆ నేల భరించలేదని ప్రభుత్వం వాదించింది. 2022 నుండి అక్కడి కుటుంబాలను వందల కిలోమీటర్ల దూరంలోని మ్సొమేరా గ్రామానికి తరలించసాగింది. ఇది స్వచ్ఛందమని ప్రభుత్వం చెప్పగా, పాఠశాల, వైద్యం వంటి సౌకర్యాలను తగ్గించి తమను పొమ్మనకుండా పొగబెడుతున్నారని నివాసులు ఆరోపించారు. 2022 జూన్‌లో సమీపంలోని లొలియోండోలో సరిహద్దు రాళ్లు పాతే సమయంలో ఘర్షణ జరిగింది. 2024 ఆగస్టులో వేలాది మాసాయిలు న్గొరొంగొరో రహదారిపై నిరసనకు దిగారు. ఈ వివాదానికి తీర్పు చెప్పే అధికారం పది రోజుల అతిథికి లేదు. కాని, తాను చెల్లించే ప్రవేశ రుసుము కూడా ఆ తూకంలో ఒక రాయి అని అతడు మరచిపోరాదు.

అదే దారిలో ఓల్డువాయ్ లోయ ఉంది. 1959 జూలైలో మేరీ లీకీ అక్కడ సుమారు పదిహేడున్నర లక్షల సంవత్సరాల నాటి పూర్వమానవుని కపాలాన్ని కనుగొన్నది. దానికి దక్షిణాన లయెటోలిలో, 36 లక్షల సంవత్సరాల క్రితం తడిసిన అగ్నిపర్వతపు బూడిదపై రెండు కాళ్లతో నడిచిన జీవుల పాదముద్రలు 1978లో బయటపడ్డాయి. మనిషి అడుగు ఆ నేలకు కొత్త కాదు. ‘మనుషులు లేని ఆదిమారణ్యం’ అన్న ఊహ ఆ పాదముద్రల ముందు నిలవదు. మృగాల వేటలో తొందరపడే యాత్రికులు అనేకులు ఈ లోయను అరగంటలో ముగిస్తారు. ప్రణాళికలో దీనికి కనీసం ఒక పూట కేటాయించడం ఉచితం.

ఇక భాష. నూట ఇరవైకి పైగా జాతుల వారు నివసించే ఆ దేశాన్ని స్వాహిలీ ఒక్క తాటిపై నిలిపింది. తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరేను ప్రజలు ‘మ్వాలిము’ అని పిలిచారు. ఆ మాటకు ఉపాధ్యాయుడు అని అర్థం. రాజ్యభారం వహిస్తూనే ఆయన షేక్‌స్పియర్ నాటకాలు ‘జూలియస్ సీజర్’, ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లను స్వాహిలీలోకి అనువదించాడు. తన ప్రజల భాష ఎంతటి భావాన్నయినా మోయగలదని ఆ విధంగా నిరూపించాడు. స్వాహిలీలో పిన్నలు పెద్దలను ‘షికామో’ అని పలకరిస్తారు. పెద్దలు ‘మరహబా’ అని బదులిస్తారు. ‘కరీబు’ అంటే స్వాగతం, ‘అసాంతే’ అంటే కృతజ్ఞతలు. జీబ్రాను ‘పుండా మిలియా’, అంటే చారల గాడిద అంటారు. తెలుగు యాత్రికునికి చెవికి పరిచితమైన మాటలు కూడా అక్కడ ఎదురవుతాయి. బీమాను వారు ‘బిమా’ అంటారు. దుకాణం ‘దూకా’, బండి ‘గారి’, చపాతీ అదే పేరుతో చపాతీ. హిందూ మహాసముద్రంపై రుతుపవనాల వెంట శతాబ్దాలుగా సాగిన వర్తకం మిగిల్చిన జాడలివి. అయితే ప్రతి పోలికా బంధుత్వం కాదు. సింహాన్ని వారు ‘సింబా’ అన్నా, అది బాంటూ భాషల సొంత పదమే.

ఆ వర్తకపు వెలుగునీడలు రెండూ జాంజిబార్‌లో కనిపిస్తాయి. స్టోన్ టౌన్ ఇరుకు వీధులలో భారతీయ, అరబ్బు శిల్పరీతులు కలిసిన చెక్కడపు తలుపులు, లవంగాల పరిమళం ఒక వైపు. 1873లో మూతపడిన బానిసల విపణి స్థలంపై నిర్మించిన చర్చి మరొక వైపు. 2021లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన అబ్దుల్‌రజాక్ గుర్నా ఈ దీవిలో జన్మించినవాడే. బయలుదేరే ముందు ఆయన నవల ఒక్కటైనా చదివిన వ్యక్తికి ఆ వీధులు కేవలం ఛాయాచిత్రాలకు నేపథ్యంగా మిగలవు.

ప్రణాళికలో చిన్న విషయాలకూ చోటుండాలి. మలేరియా నివారణకు వైద్యుని సలహా తప్పనిసరి. ఎల్లో ఫీవర్ టీకా నిబంధన ప్రయాణమార్గాన్ని బట్టి మారుతుంది. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతనే దాని ధ్రువపత్రం చెల్లుతుంది కనుక ముందుగానే విచారించాలి. నలుపు, ముదురు నీలం దుస్తులు త్సెత్సె ఈగలను ఆకర్షిస్తాయి. మట్టి రంగు దుస్తులు మేలు. భూమధ్యరేఖకు దగ్గర అన్న మాటేగాని, సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న న్గొరొంగొరో అంచున రాత్రివేళ ఉన్నిదుస్తులు లేనిదే నిలువలేము. 2019 జూన్ 1 నుండి ఆ దేశంలో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. మృగం సమీపంలో వాహనం దిగరాదు, కేకలు వేయరాదు, దారి తప్పించి నడపమని చోదకుణ్ణి ఒత్తిడి చేయరాదు.

వీటికన్నా సూక్ష్మమైన మర్యాద మనుషుల విషయంలో అవసరం. మాసాయి గ్రామాలకు యాత్రికులను తీసుకువెళ్లి నాట్యం చూపించే ఏర్పాట్లు ఉన్నాయి. అక్కడ చెల్లించే సొమ్ములో ఎంత భాగం గ్రామానికి చేరుతుందని ముందే అడగడం అమర్యాద కాదు. అనుమతి లేకుండా ఎవరి ముఖాన్నీ కెమెరాలో బంధించరాదు. ఎయాసి సరస్సు పరిసరాలలో వేట, దుంపలు, తేనెలపై ఆధారపడి జీవించే హద్జా ప్రజలు వెయ్యి మందికి కొంత ఎక్కువ మాత్రమే. వారిని ప్రదర్శనశాలలోని వస్తువులుగా చూసేందుకు వెళ్లడం కన్నా వెళ్లకపోవడమే సంస్కారం. గ్రామస్థులే నిర్వహించే బసలో ఒక రాత్రి గడపడం, స్థానిక మార్గదర్శి జ్ఞానానికి తగిన ప్రతిఫలం ఇవ్వడం వంటివి వ్యయపట్టికలో మొదటి నుండే ఉండాలి.

ఇంత సన్నాహం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సింహం చరిత్ర తెలియకపోయినా కంటికి అలాగే కనిపిస్తుంది. నిజమే. కాని రహదారి పక్కన ఎర్రని వస్త్రం కప్పుకొని, ఆవులను తోలుకుపోతున్న ఒక వృద్ధుడు అలా కనిపించడు. అతని గురించి ఏమీ చదవనివానికి అతడొక రంగుల దృశ్యం. చదివినవానికి, పచ్చికను దూడలకు విడిచి తప్పుకున్న వంశపు మనిషి. అతడు ఎదురైనప్పుడు చేయి కెమెరా వైపు వెళ్లకముందే ‘షికామో’ అన్న మాట పెదవులపైకి వస్తే, ఇంటి వద్ద నెలల తరబడి వేసుకున్న ప్రణాళిక వృథా కానట్లే.