కత్తి కోయలేదంటే తప్పు కత్తిదేనా?

మా ఇంటి మిషన్ల సంగతి రాయమని రాయదుర్గం అత్త, పుణేలో ఉన్న చిన్నాయన పిల్లలు చానా రోజులుగా అడుగుతా ఉన్నారు. జేజి కుట్టుమిషన్ గురించి ఇంతకు ముందే రాసినాము. ఇప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ గురించి. ఇది మా గొప్ప చెప్పుకునేదానికి రాసేది కాదు. పోయిన ఏడాది మా షెడ్డులో పని చేసే పిల్లవాని మీద ఒక తప్పు మోపినాము. ఆ తప్పు అతనిది కాదు. అది ఎట్ల తెలిసిందో, మిషన్ దారం కోయకపోతే ఏమేమి చూసుకోవాలో రాసి పెడితే మనవాళ్ళలో ఈ పని చేసేవాళ్ళకు పనికొస్తుందని రాస్తా ఉన్నాము.

బళ్ళారి అంటే ఇప్పుడు జీన్స్ ప్యాంట్లకు పేరు. కౌల్ బజారు పక్క సందుల్లోకి పోతే మిషన్ చప్పుడు వినపడని ఇల్లు తక్కువ. మా నాయన మొదట జేబులు కుట్టేవాడు. తర్వాత అప్పు చేసి, ఆరు హెడ్ల ఎంబ్రాయిడరీ మిషన్ ఒకటి పాతది కొన్నాడు. ఆరు హెడ్లంటే ఒకే డిజైన్ ఆరు గుడ్డల మీద ఒకేసారి పడుతుంది. లెక్కలు, ఆర్డర్లు అన్న చూసుకుంటాడు. మిషన్ నడిపేది సిరుగుప్ప పక్క పల్లె నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ పిల్లవాడు. మాలో ఒకరు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నారు. డిజైన్ ఫైలు చిన్నది చేయాలన్నా, పెద్దది చేయాలన్నా అన్న ఫోన్ చేసేది అక్కడికే.

మిషన్ దారం ఎట్ల కోస్తుందో ముందు చెప్పాలి. నీడిల్ ప్లేటు కింద ప్రతి హెడ్డుకూ రెండు కత్తులు ఉంటాయి. ఒకటి కదలదు, ఇంకొకటి కదులుతుంది. ఒక అక్షరం కుట్టడం అయిపోతానే మిషన్ నిదానిస్తుంది. కదిలే కత్తి ముందుకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు పై దారాన్నీ కింద బాబిన్ దారాన్నీ పట్టుకొచ్చి, కదలని కత్తికి ఆనించి కోస్తుంది. కత్తెరలో రెండు రెక్కలు కలిసినట్లే. సూదిలో మిగిలే కొస మరీ పొట్టిగా ఉంటే మళ్ళీ కుట్టు మొదలయ్యేటప్పుడు దారం సూది కన్నులోంచి జారిపోతుంది. మరీ పొడుగుంటే గుడ్డ కింద చిక్కు పడుతుంది.

పోయిన ఏడాది దసరాకు ముందు ఒక ఆర్డర్ వచ్చింది. 600 ప్యాంట్లు, ఒక్కో ప్యాంటుకు రెండు వెనక జేబులు, అంటే 1,200 జేబులు. జేబు మీద ఏడు చిన్న అక్షరాలు, కొంచెం దూరంలో ఒక ఆకు. మొదటి రోజే అక్షరాల నడుమ దారం కోయకుండా మిషన్ ముందుకు పోయింది. ఏడు అక్షరాలకు నడుమ ఆరు సందులు. మొత్తం లెక్క వేస్తే 7,200 చోట్ల చేత్తో కత్తెర పెట్టాలి. జీన్స్ గుడ్డ మీద కత్తెర ఒక్క నూలు పోగు ఎక్కువ తగిలినా ఆ జేబు పారేయాల్సిందే.

అంతకు ముందు నెలలోనే ఆ పిల్లవాడు ఆరు హెడ్లకూ కొత్త కత్తులు వేసినాడు. అందుకని నాయనకు ఇంకో అనుమానమే రాలేదు.

"నువ్వు కత్తులు సరిగ్గా బిగించినట్టు లేదు" అన్నాడు.

"యజమాన్రే, కత్తి సరియాగే ఇదె" అని ఆ పిల్లవాడు కన్నడలో రెండు సార్లు చెప్పినాడు. కత్తి బాగానే ఉందని. వినలేదు. మళ్ళీ కత్తులు తెప్పించి మార్చినాము. అయినా కోయలేదు. దారాలు కత్తిరించే ఆడవాళ్ళకు ఇచ్చిన కూలి, కొత్త కత్తుల ఖర్చు, రెండూ అతని జీతంలో పట్టుకున్నాము. అన్న అడ్డం చెప్పలేదు. ఫోన్లో విన్న మేమూ చెప్పలేదు. సోమవారం ఆ పిల్లవాడు పనికి రాలేదు.

పండగకు ఊరికి వచ్చినప్పుడు షెడ్డులో ఆరు జేబులు పక్కపక్కన పరిచి చూసినాము. టెస్టింగ్ పనిలో మొదట నేర్పేది ఒకటుంది. తప్పు ఎక్కడ వచ్చిందో రాసేటప్పుడు ఎక్కడ రాలేదో కూడా రాయాలి. ఆరు జేబుల్లోనూ అక్షరాల నడుమ దారం కోయలేదు. ఆరు జేబుల్లోనూ చివరి అక్షరానికీ ఆకుకూ నడుమ మాత్రం శుభ్రంగా కోసింది. కత్తి మొద్దుబారితే ఒక హెడ్డులో బారుతుంది, రెండింటిలో బారుతుంది. ఆరు కత్తులూ ఒకే చోట మొద్దుబారి, నాలుగు సెంటీమీటర్లు పోయేసరికి మళ్ళీ పదునెక్కవు కదా. కత్తులను కదిలించే మోటారు చెడిపోయి ఉంటే ఆకు దగ్గర కూడా కోయకూడదు. అంటే చూడాల్సింది కత్తిని కాదు, ఫైలును.

మా మిషన్‌కు ఇచ్చేది డీఎస్టీ ఫైలు. టజిమా మిషన్లకని వచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు వేరే కంపెనీల మిషన్లు కూడా చదువుతాయి. ఇందులో "ఇక్కడ కోయి" అని చెప్పేదానికి వేరే గుర్తు లేదు. కుట్టు వేయి, కుట్టకుండా జంప్ చేయి, రంగు మార్చు, అయిపోయింది. ముఖ్యంగా ఉండేవి ఇవే. వరసగా ఇన్ని జంప్‌లు వస్తే కోయాలి అని మిషన్‌లో మనం ఒక అంకె పెట్టి ఉంటాము. మా మిషన్‌లో అది 3. ఇంకొకటి, ఈ ఫైల్లో ఒక్కో జంప్ 12.1 మిల్లీమీటర్లు దాటదు. ఆకు 40 మిల్లీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి అక్కడికి పోయేదానికి ఎట్లయినా నాలుగు జంప్‌లు కావాలి. అందుకని అక్కడ కోసింది. అక్షరాల నడుమ సందు మూడు మిల్లీమీటర్లే. అక్కడ ఫైల్లో ఉన్నవి రెండు జంప్‌లు. మిషన్ మూడోదాని కోసం చూసి, రాలేదని కోయకుండా పోయింది.

రెండు ఎందుకు ఉన్నాయి? ఆర్డర్ ఇచ్చినవాళ్ళు డిజైన్ కొంచెం చిన్నది చేయమన్నారు. అన్న ఫైలు బెంగళూరుకు పంపినాడు. అక్కడ కొత్త ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ కొత్తగా వేసి ఉంది. దారం కోసేదానికి ఎన్ని జంప్‌లు రాయాలి అనే చోట అది 2 పెట్టుకుంది. పాత ల్యాప్‌టాప్‌లో 3 ఉండేది. ఎవరూ చూసుకోలేదు. ఇంతసేపూ "మాలో ఒకరు" అని రాసినాము. ఇది రాస్తున్నది ఆ ఒకరే. పొద్దున లేస్తే ఇంకొకరి తప్పులు వెతికే ఉద్యోగం మాది. మా చేతి నుంచి పోయిన ఫైలును మాత్రం ఒక పాత గుడ్డ మీద కూడా కుట్టించి చూడలేదు.

ఫైలు మళ్ళీ 3తో సేవ్ చేసి పెడితే అన్ని చోట్లా కోసింది. మిషన్‌లోనే 2 పెట్టొచ్చు, కానీ పాత డిజైన్లలో అక్కరలేని చోట కూడా కోస్తుందని ఆ జోలికి పోలేదు. నాలుగో హెడ్డులో మాత్రం జేబు కింద తెల్ల దారం పొడుగ్గా వేలాడతానే ఉండె. పై దారం నీలం, బాబిన్ దారం తెలుపు. కాబట్టి కోయనిది కింది దారమే. కరెంటు ఆపి, ప్లేటు విప్పి చూస్తే రెండు కత్తుల నడుమ జీన్స్ దుమ్ము ఉండకట్టి, దాంట్లో ఒక దారం తునక ఇరుక్కుని ఉంది. బ్రష్షుతో తీసేసినాము. కత్తి బిగింపులో ఏ లోపమూ లేదు. ఆ పిల్లవాడు చెప్పింది నిజమే.

మరుసటి రోజు నాయన బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయినాడు. మేమూ వెంట పోయినాము. పట్టుకున్న డబ్బు అతని చేతిలో పెట్టి, నాయన కన్నడలో "తప్పు నమ్మదు" అన్నాడు. కన్నడ బడిలో చదివిన మాకు అప్పుడు ఒకటి తట్టింది. కన్నడలో "నమ్మ" అంటే మా అనీ అర్థమే, మన అనీ అర్థమే. నాయనకూ అదే తట్టిందేమో, ఒక్క నిమిషం ఆగి తెలుగులో చెప్పినాడు: "తప్పు మాది. మనది కాదు, మాది." సిరుగుప్ప పక్క పిల్లవాడు, తెలుగు బాగా అర్థమవుతుంది. తల ఊపినాడు, ఏమీ అనలేదు. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత పనికి వచ్చినాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాయదుర్గం అటు పోయింది, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. మా అబ్బ బళ్ళారిలోనే ఉండిపోయినాడు. అందుకని మా పిల్లల బడి కన్నడ, ఇంటి మాట తెలుగు. తెలుగు అక్షరాలు మేము పెద్దయినాక నేర్చుకున్నవే. ఇప్పుడు షెడ్డు గోడ మీద ఒక కాగితం అంటించినాము. ఒక పక్క కన్నడం ఆ పిల్లవాడు రాసినాడు, ఇంకో పక్క తెలుగు మేము రాసినాము.

1. ఒక హెడ్డులోనా, అన్ని హెడ్లలోనా? అన్నింటిలో, డిజైన్‌లో ఒకే చోట అయితే ముందు ఫైలు చూడు.
2. ఏ చోటా కోయకపోతే మిషన్‌లో కోత ఆపి పెట్టినారేమో చూడు. తర్వాత మోటారు.
3. ఒక్క హెడ్డే అయితే మిగిలింది పై దారమా, కింది దారమా?
4. కరెంటు ఆపు. ప్లేటు విప్పు. దుమ్ము తియ్యి.
5. కత్తి మార్చేది ఇవన్నీ అయినాకనే.
6. కొత్త ఫైలు ఏది వచ్చినా, ఎవరు పంపినా, ముందు పాత గుడ్డ మీద ఒకసారి కుట్టి చూడు.

ఆరోది ఆ పిల్లవాడు చేర్చినాడు. "ఎవరు పంపినా" అన్న మాట రాసేటప్పుడు మా వైపు చూసి నవ్వినాడు.

మీ ఇళ్ళలో ఈ మిషన్లు ఉంటే మీరు ఏమేమి చూసుకుంటారో రాసి పంపండి. ఈ కాగితంలో చేరుస్తాము.