లతా మండపం ఊళ్ళో చిక్కుడు పందిరి

మా లేపాక్షిలో పెరడంటే నీళ్ళ లెక్క. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్యపు వాన చాలామటుకు తీరంలోనే కురిసిపోతుంది. బోరింగు దగ్గర వరసలో నిలబడి తెచ్చుకున్న నీళ్ళు ముందు తాగడానికి, తర్వాత వంటకు, ఆ తర్వాత బోకులకు. బోకులు కడిగిన నీళ్ళే చెట్టుకు. వాటితో ఒక్క తీగ బతికితే గొప్ప.

ఆ ఒక్కటీ ఏదన్న దగ్గరే అక్కకూ అవ్వకూ పంతం. అక్క ఎవరింట్లోనో అడిగి రాధామనోహరం కొమ్మ తెచ్చింది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరిగే గుత్తులు. అవ్వ కొంగుముడిలో చిక్కుడు గింజలున్నాయి.

"పూలు చూసుకుంటా సంగటి తింటావా మే?" అనింది అవ్వ.

ఆషాఢంలో గింజ పడింది. కంప పాతి, తాళ్ళు కట్టి, పందిరి లేపారు. నెలల తరబడి ఆకే తప్ప పూత లేదు. అక్క దెప్పేది. "చలి పడనీ" అనేది అవ్వ. పగళ్ళు పొట్టివైతే తప్ప ఆ రకం చిక్కుడు పూతకు రాదు; అవ్వకు ఆ సంగతి తెలుసు. కార్తీకం దాటాక ఊదారంగు పూలు కంకులు కంకులుగా నిలబడ్డాయి. లేత కొసలకు పేనుబంక పడితే, మంచు తడి ఆరకముందే పొయ్యిలో బూడిద చల్లేది. సంక్రాంతికి రోజూ ఒడినిండా కాయలు. పులుసులో వేసినవి పోను, ఇరుగుపొరుగుకూ పంచేది.

అక్కకు మాత్రం పూలతీగ మీద ఆశ చావలేదు. వీరభద్రుడి గుడికి పోయి, లతా మండపం స్తంభాల మీది తీగల్ని నోటుపుస్తకంలో దింపుకునేది. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన గుడి అది. స్తంభానికొక తీరు అల్లిక. ఆ అల్లికలు చీర అంచుల్లోకి ఎక్కాయి, మా అక్క చేతిమీదుగా వాకిట్లో ముగ్గులోకీ దిగాయి. ఇంత కరువు నేలలో చుక్క నీరు అడగని తీగల్ని రాతిలో పెంచినవాళ్ళంటే నాకు గౌరవం. అందం అక్కర్లేదని మా ఊరు ఏనాడూ అనుకోలేదు.

కొళాయి ఉన్నవాళ్ళు రెండు తీగలూ పెట్టుకోండి. బోకుల నీళ్ళే దిక్కైతే చిక్కుడు గింజ ముందు, ఆషాఢం దాటకుండా. రాధామనోహరం కొమ్మ మరుసటేడూ దొరుకుతుంది.