అద్దం వెనుక ఎండ

మీ ఇంటి కిటికీ అద్దాలకు నల్ల ఫిల్ము అంటించారా? ఆ గదిలో మొక్కలు పెంచుతున్నారా? గడప దాటని పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నారా? ఈ మూడింటికీ "అవును" అని జవాబిచ్చేవారు ఈ వారం ఈ పేజీని కాస్త శ్రద్ధగా చదవాలి.

మేముండేది అబ్దుల్లాపూర్‌మెట్‌లో. 2016లో రంగారెడ్డి జిల్లాలో ఇది వేరే మండలమైంది. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి పక్కన, రాళ్ళ గుట్టల నడుమ లేచిన ఇళ్ళు మావి. ఏప్రిల్ వచ్చిందంటే పడమటి గదులు పెనంలా కాలుతాయి. అందుకే ఇక్కడ చాలా కిటికీలకు ఫిల్ము కనిపిస్తుంది. మేము అద్దెకు దిగేనాటికే మా ఇంటికీ ఉంది.

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. కోతుల బెడద పడలేక తులసి కుండీని బాల్కనీ నుంచి పడమటి గది కిటికీ దగ్గరకు తెచ్చుకుంది. రోజూ మధ్యాహ్నం నిద్ర లేచాక కుండీ పక్కనే కుర్చీ వేసుకుని, ఎముకలకు మంచిదని గంటసేపు "ఎండలో" కూర్చునేది. నెల తిరిగేసరికి తులసి సన్నగా సాగి, ఆకులు పాలిపోయి రాలసాగాయి. నీరు చాలలేదనుకుని అమ్మ మరో చెంబెడు పోసింది. వేళ్ళు కుళ్ళిపోయాయి. ఇంచుమించు అప్పుడే అమ్మకు నేలమీద నుంచి లేవడం, మెట్లెక్కడం కష్టమయ్యాయి. వయసు మీద పడింది కదా అన్నారు బంధువులు. రక్తపరీక్ష చేయిస్తే డి విటమిన్ మరీ తక్కువగా ఉంది. "రోజూ ఎండలోనే కూర్చుంటున్నాను కదండీ!" అని అమ్మ డాక్టరుగారినే ఎదురు ప్రశ్నించింది.

తప్పంతా ఫిల్ముదేనా? కాదు. తులసిని దెబ్బతీసింది ఫిల్ము. అమ్మ ఎముకలకు అడ్డుపడింది మామూలు గాజు. ఈ తేడా తెలుసుకోవడం చాలా అవసరం.

ముందు మొక్క సంగతి చూద్దాం. మొక్క ఆహారం తయారు చేసుకోవడానికి వాడుకునేది మన కంటికి కనిపించే వెలుతురే. అందులోనూ ఎరుపు, నీలం కిరణాలను పత్రహరితం ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇరవై శాతం వెలుతురు మాత్రమే వదిలే ఫిల్ము అంటిస్తే, అద్దం మీద పడిన వెలుతురులో అయిదోవంతే లోపలికి వస్తుంది. కిటికీకి దూరం జరిగినకొద్దీ అదీ తరిగిపోతుంది. మన కన్ను చీకటికి తగ్గట్టు సర్దుకుంటుంది కనుక, "పేపరు చదువుకోగలుగుతున్నాంగా, వెలుతురు చాలదా?" అనుకుంటాం. మొక్కకు ఆ సర్దుబాటు లేదు. రాబడి కంటే ఖర్చు ఎక్కువైన సంసారంలా, నిలవున్నది తింటూ కొన్నాళ్ళు గడుపుతుంది. ఆ తర్వాత వాడిపోతుంది. వెలుతురు తగ్గితే నీటి వాడకమూ తగ్గుతుంది. అప్పుడు మునుపటిలాగే నీళ్ళు పోస్తే మట్టి ఆరదు, వేళ్ళకు గాలి ఆడదు. ఇంటి మొక్కలు ఎక్కువగా చచ్చేది దాహంతో కాదు, అతి నీటితో.

ఇక మన సంగతి. మన చర్మం డి విటమిన్‌ను తయారు చేసుకోవడానికి కావలసినవి అతినీలలోహిత కిరణాల్లో "బి" రకం. మామూలు కిటికీ గాజే వీటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఫిల్ము ఊడబెరికినా, అద్దం మూసి ఉన్నంతవరకు అమ్మకు ఒరిగేదేమీ లేదు. గాజులోంచి దూరి వచ్చేవి చాలావరకు "ఎ" రకం కిరణాలు. ఇవి చర్మాన్ని నల్లబరుస్తాయి, ముడతలు పెంచుతాయి, విటమిన్ మాత్రం ఇవ్వవు. మంచి ఫిల్ము వీటిని ఆపుతుంది. ఆ మేలును కాదనకూడదు.

ఎండకు కరువులేని మన ప్రాంతంలో డి విటమిన్ లోపమేమిటని మీకు అనుమానం రావచ్చు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన పరిశీలనలో, ఆరోగ్యంగా కనిపించేవారిలోనే ఈ లోపం విస్తారంగా బయటపడింది. పల్లెవాసుల కంటే పట్టణవాసులలో అది ఎక్కువ. ఎండ ఉంటే చాలదు, ఒంటికి తగలాలి.

ఏ వేళలో తగలాలి? దీనికి గడియారం కంటే నీడ మంచి గుర్తు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే ఈ కిరణాలు తగినంతగా నేలకు చేరుతాయి. హైదరాబాదు ప్రాంతంలో మే నెలలో ఉదయం తొమ్మిదికే నీడ పొట్టిదవుతుంది. డిసెంబరులో అయితే మిట్టమధ్యాహ్నం, అదీ సుమారు రెండున్నర గంటల సేపే. ముఖం, చేతులు తెరిచి పావుగంట, ఇరవై నిమిషాలు ఆరుబయట ఉండండి. మన చామనఛాయకు తెల్లవారి కంటే ఎక్కువ సేపు కావాలి. అలాగని వేసవిలో పెద్దవాళ్ళను మధ్యాహ్నపు ఎండలో కూర్చోబెట్టకండి, వడదెబ్బ తగులుతుంది. పైగా వయసు పెరిగినకొద్దీ చర్మంలో ఈ విటమిన్ తయారీ తగ్గిపోతుంది కాబట్టి చాలామందికి మందు తప్పదు. మా అమ్మకు డాక్టరుగారు మోతాదు కట్టి ఇచ్చారు. మూడు నెలలకు గోడ పట్టుకోకుండా లేచింది. ఆమెకు పనిచేసింది కదా అని మీరు సొంతంగా మింగవద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

గదిలో నాలుగు కుండీలుంటే గాలి శుభ్రపడుతుందన్న నమ్మకం ఒకటుంది. 1989లో అమెరికా నాసా సంస్థ మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాలతో అది వ్యాపించింది. 2019లో ఇటువంటి ప్రయోగాలను మళ్ళీ లెక్కకట్టిన పరిశోధకులు, మామూలుగా ఇంట్లో ఆడే గాలికి సాటి రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, లెక్కను బట్టి వెయ్యి దాకా కావాలన్నారు. మొక్కలను వాటి అందం కోసం పెంచుకోండి. గాలి కోసం కిటికీ తెరవండి.

కుండీ కింది పళ్ళెంలో నీరు నిలిచిందా, జాగ్రత్త! డెంగ్యూ తెచ్చే దోమ ఇలాంటి నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనుక వారానికొకసారి పళ్ళెం వంచి, రుద్ది కడగండి.

ఫిల్ము అంటించక తప్పకపోతే, ఎంత వెలుతురు వదులుతుందో దుకాణంలో అడిగి మరీ కొనండి. పరారుణ వేడిని ఆపి, వెలుతురును వదిలే రకాలూ దొరుకుతాయి. పడమటి కిటికీలకు మాత్రమే అంటించి తక్కినవి వదిలేయండి. అసలు, వేడిని అద్దం బయటే ఆపడం మేలు. సజ్జా, వెదురు తడిక, వట్టివేళ్ళ తెర ఆ పని చేస్తాయి, తడికను, తెరను అవసరం తీరాక చుట్టి పక్కన పెట్టవచ్చు. నల్లబడ్డ గదిలో మనీప్లాంటు, సాన్సివేరియా వంటి ఓర్పుగల మొక్కలు పెట్టి, వేలు గుచ్చి పైమట్టి ఆరిందని తేలాకే నీళ్ళు పోయండి. తులసికి మాత్రం బాల్కనీలో జాలీ కట్టించి ఆరుబయట చోటివ్వండి. దానికి పొద్దున నీళ్ళు పోసే వంకతో ఇంట్లో పెద్దవాళ్ళూ నాలుగడుగులు బయటికి వస్తారు.