మాట సాయం

2022 ఏప్రిల్ 4న మేమంతా గడప దాటకుండానే జిల్లా మారిపోయాం. అప్పటిదాకా గుంటూరు జిల్లాలో ఉన్న రేపల్లె కొత్తగా పుట్టిన బాపట్ల జిల్లాలోకి వచ్చింది. పక్కనున్న తెనాలి మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. రైల్లో మా జిల్లా కేంద్రానికి వెళ్ళాలంటే తెనాలిలో దిగి బండి మారాలి. అంటే పక్క జిల్లా మీదుగా సొంత జిల్లాకి! నేను చదివేది బాపట్లలోనే కాబట్టి సెలవులొచ్చినప్పుడల్లా నాకీ తమాషా అనుభవమే.

ఇంత మారినా మా పిన్‌కోడ్ మారలేదు. అదే 522265. అమ్మమ్మకి వచ్చే ఉత్తరాల మీద కొందరు ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే రాస్తారు. అయినా అవి చేరుతున్నాయి. పంపినవాళ్ళకి జిల్లా మారిన సంగతి తెలియాల్సిన పనే లేదు.

వెబ్‌సైట్లకి ఈ సుఖం దానంతటదే రాదు. ఆ సంగతి తెనాలిలో ఉండే మా బాబాయి సైటు విషయంలో దగ్గర్నుంచి చూశాను.

బాబాయి విగ్రహాలు చేస్తాడు. ఆ పనికి తెనాలి ఎంత పేరున్న ఊరో మీకు తెలిసే ఉంటుంది. పదేళ్ళ కిందట ఒక చిన్న సైటు పెట్టించుకున్నాడు. ఒక్కో విగ్రహానికి ఒక్కో పేజీ. ఆ పేజీలకి ఎక్కడెక్కడి వాళ్ళో లింకులిచ్చారు. ఒక ఊరి గ్రంథాలయం వాళ్ళు, ఒక స్కూలు పూర్వ విద్యార్థులు, అమెరికాలో ఒక తెలుగు సంఘం. బాబాయి ఎవర్నీ అడగలేదు, ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. పని నచ్చి ఇచ్చారంతే.

పోయినేడాది ఆ సైటు ఫోన్లో సరిగ్గా కనబడట్లేదని ఎవరిచేతో కొత్తది చేయించాడు. చూడ్డానికి చాలా బాగుంది. కానీ చేసినవాళ్ళు ప్రతి పేజీ అడ్రసూ మార్చేశారు. పాత లింకు నొక్కితే 404. నాలుగు నెలలయ్యాక బాబాయి, "అమ్మలూ, సైటు బాగుందని అందరూ అంటున్నారు గానీ ఫోన్లే రావట్లేదు" అన్నాడు.

అప్పుడు ఆయనకి లింకుల కథంతా చెప్పాల్సొచ్చింది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పుడు వాళ్ళ అసలు ఆలోచన ఇదే: ఒక పేజీకి బయటివాళ్ళు ఎంతమంది లింకులిచ్చారు, ఆ ఇచ్చినవాళ్ళకి ఎంత విలువుంది అని చూడటం. ఇప్పుడు గూగుల్ ఇంకా చాలా చూస్తుంది, కానీ లింకుల్ని వదిలెయ్యలేదు. ఇంగ్లీష్ మీడియం బుర్ర కదా, 'ఇన్‌బౌండ్ లింక్' అన్న మాటకి నాకు తెలుగు తట్టలేదు. బాబాయే అన్నాడు, "అంటే మాట సాయం అన్నమాట."

అవును, సరిగ్గా అదే. కాకపోతే ఈ మాట సాయం మనిషికి కాదు, అడ్రసుకి అందుతుంది. అడ్రసు పోతే ఆ మాట గాల్లో కలిసిపోతుంది.

రెండు వారాంతాలు కూర్చున్నాం. సెర్చ్ కన్సోల్‌లో 404 వస్తున్న అడ్రసులన్నీ తీశాను. ఏ పేజీలో ఏ విగ్రహం ఉండేదో వేబ్యాక్ మెషీన్‌లో చూసి బాబాయి గుర్తుపట్టాడు. పాత అడ్రసు ఒక పక్క, కొత్తది ఒక పక్క రాసుకుని 301 రీడైరెక్టులు పెట్టాను. అన్నిటినీ హోమ్ పేజీకి తిప్పేస్తే పని సులువే, కానీ దాన్ని గూగుల్ లెక్కలోకి తీసుకోదు. పాత పేజీలో ఉన్నదే కొత్త పేజీలోనూ ఉండాలి. కొత్త సైటులో లేని విగ్రహాలకి మళ్ళీ పేజీలు రాశాం. రీడైరెక్టుని కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్. లింకు నొక్కే మనిషికి ఏ గడువూ ఉండదు కాబట్టి మేం తీసే ఉద్దేశంలో లేం.

మూడు నెలలకి కొన్ని పేజీలు సెర్చ్‌లో మళ్ళీ పైకొచ్చాయి. అన్నీ రాలేదు. ఈలోగా ఆ అమెరికా సంఘం వాళ్ళు తమ సైటే మార్చేసుకున్నారు. ఆ లింకు ఇక లేదు.

పెద్దవాళ్ళకీ ఇది తప్పలేదు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన రాజ్ రెడ్డి గారి ఆలోచనతో మొదలైన పనిలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా లక్షల పాత పుస్తకాల్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టింది. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో ఆ పుస్తకాలకి ఎన్నో లింకులుండేవి. తర్వాత ఆ సైటు ఆగిపోయింది. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో క్షేమంగానే ఉన్నాయి, కానీ పాత లింకు అక్కడికి దారి చూపదు. ప్యూ రీసెర్చ్ వాళ్ళు 2024లో చెప్పిన లెక్క ప్రకారం 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళకి కనబడకుండా పోయాయి.

మన కాలేజీ ఫెస్టుకి ఏటా కొత్త సైటు పుడుతుంది, పాతది పోతుంది. పోయినేడాది స్పాన్సర్లు, గెలిచినవాళ్ళు పెట్టుకున్న లింకులూ దాంతోనే పోతాయి. ఈ పత్రికకీ రేపు అదే జరగొచ్చు. తన కథ ఇక్కడ అచ్చయిందని ఎవరో రెజ్యూమేలో లింకు పెట్టుకుని ఉంటారు. వచ్చే ఏడాది సైటు చూసుకునే జూనియర్లూ, డిజైన్ మీ ఇష్టం. డొమైన్ రెన్యువల్ తేదీ మాత్రం మర్చిపోకండి, వదిలేస్తే రేపు ఏ బెట్టింగ్ కంపెనీయో కొనుక్కుంటుంది. అడ్రసులు మార్చక తప్పకపోతే, ముందు పాతవన్నీ ఒక ఫైల్లో రాసిపెట్టుకోండి.