నొచ్చుకోవడం వేరు, నేరం వేరు

‘నో ఆఫెన్స్ అండీ’ అని మొదలైన వాక్యం మంచి మాటతో ముగియడం అరుదు. మన ‘ఏమీ అనుకోకపోతే ఒక మాట’కి ఆఫీసుల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ వచ్చిన కొత్త వేషం అది. చెప్పబోయేది గుచ్చుకుంటుందని చెప్పేవాడికి ముందే తెలుసు. గుచ్చుకున్నా పూచీ తనది కాదని ముందే రాయించుకుంటున్నాడు. అందులోని ‘ఆఫెన్స్’ అన్న మాటే మేజిస్ట్రేటు కోర్టులో వినిపిస్తే శిక్ష పడే నేరం. ఫుట్‌బాల్ మైదానంలో అయితే గోలు వైపు దూసుకుపోవడం. సైన్యంలో అయితే శత్రువు గడ్డ మీదికి పోవడం. పెళ్లింట్లో అయితే పిలుపు సరిగ్గా అందని బావగారి అలక. నేరం, దాడి, అవమానం, అలక, ఈ నాలుగింటినీ ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటతో నెట్టుకొస్తున్నారు. ఒక మాటకు నాలుగర్థాలు ఉండటం ఏ భాషలోనూ వింత కాదు. చిక్కల్లా ఒక అర్థం పేరు చెప్పుకుని ఇంకో అర్థం లోపలికి చొరబడటంలో ఉంది. ‘నేను నొచ్చుకున్నాను’ అన్న వాక్యం చూస్తుండగానే ‘నువ్వు నేరం చేశావు’ అయిపోతుంది. ఈ రెండు వాక్యాల మధ్య దూరాన్ని కాపాడటమే మంచి చట్టం చేయాల్సిన పని. మన చట్టం ఆ పని చేసిన సందర్భాలూ ఉన్నాయి, చేయలేక తూలిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ మాట లాటిన్ మూలానికి అర్థం దేనికో కొట్టుకోవడం, కాలికి తగిలి తూలడం. డిఫెన్స్‌దీ అదే ధాతువు. కంచె అనే అర్థంలో వాడే ఫెన్స్ ఆ డిఫెన్స్‌కి కుదింపు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఈ మాట చాలాచోట్ల మనసు నొప్పించడమనే అర్థంలో రాదు, దారికి అడ్డుపడి పడదోయడమనే అర్థంలో వస్తుంది. తెలుగు బైబిలు అనువాదకులు ఆ సంగతి గ్రహించే ‘అభ్యంతరపరచు’ అనే క్రియ వాడారు. రాయికి కాలు తగిలితే తప్పు రాయిదా, నడిచేవాడిదా అన్న ప్రశ్న పుట్టుకతోనే ఈ మాటలో ఉంది. అందుకే ఇంగ్లీషులో ఆఫెన్స్‌ని ఒకరు ‘ఇవ్వొచ్చు’, ఇంకొకరు ‘తీసుకోవచ్చు’. ఇచ్చినవాడు లేకుండానే తీసుకున్నవాడు ఉండొచ్చు. తెలుగులో ఈ పనికి ‘అనడం’, ‘అనుకోవడం’ అని రెండు క్రియలు ఉన్నాయి. ఒకరు ఒక మాట అంటారు, ఇంకొకరు ఏదో అనుకుంటారు. అన్నదానికి సాక్షులుంటారు. అనుకున్నదానికి అనుకున్నవాడొక్కడే సాక్షి.

చట్టం మొదట్లో ఈ సంగతి మరిచిపోలేదు. 1837లో మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ తయారుచేసిన ముసాయిదా 1860లో భారత శిక్షాస్మృతిగా మారి 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఆఫెన్స్ నిర్వచనం పొడిగా ఉంటుంది: చట్టం దేనికి శిక్ష వేస్తుందో అది. ఎవరికి ఎంత బాధ కలిగిందన్న ఊసే లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అయితే తన నిర్వచనంలో 1871 నాటి పశువుల చట్టాన్ని కూడా కలుపుకుంది. తన గొడ్లను అన్యాయంగా పట్టి బందెలదొడ్డిలో పెట్టారని రైతు చేసే ఫిర్యాదు కూడా ఆ లెక్కలోకి వచ్చేది. అంతకన్నా ముఖ్యమైంది శిక్షాస్మృతి 95వ సెక్షన్. మామూలు బుద్ధీ, మామూలు ఓర్పూ ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంత చిన్న హాని నేరం కాదంటుంది అది. దీని అవసరాన్ని చెబుతూ మెకాలే బృందం ఇచ్చిన ఉదాహరణలు సరదాగా ఉంటాయి. పక్కవాడి సిరాలో కలం ముంచడం అక్షరాలా చూస్తే దొంగతనమే. గుర్రమెక్కి పోతూ దారినపోయేవాడి మీద దుమ్ము లేపడం దౌర్జన్యమే. బండెక్కుతూ పక్కవాణ్ని ఒత్తడం గాయపరచడమే. ఇవన్నీ కోర్టుకెక్కితే మనుషులు బతకలేరు కాబట్టే ఆ సెక్షన్ పెట్టారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 33వ సెక్షన్‌గా అది నిలిచి ఉంది. మనుషుల మధ్య రాపిడి తప్పదని ఒప్పుకున్న చట్టం అది.

అలాగని ఆ పాత చట్టం మనసును బొత్తిగా పట్టించుకోలేదనడం సరికాదు. మత విశ్వాసాలను గాయపరచాలని కావాలనే అన్న మాటకు 298వ సెక్షన్ కింద మొదటినుంచీ శిక్ష ఉంది. అసలు మలుపు 1920ల్లో లాహోరులో వచ్చింది. 1924లో మహమ్మద్ ప్రవక్త వ్యక్తిగత జీవితాన్ని హేళన చేస్తూ ‘రంగీలా రసూల్’ అనే చిన్న పుస్తకం వెలువడింది. ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద కేసు నడిచింది. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడాన్ని శిక్షించే సెక్షన్ చనిపోయిన మతనాయకుడి మీద విమర్శకు వర్తించదని 1927లో లాహోరు హైకోర్టు ఆయన్ని వదిలేసింది. దేశమంతా అలజడి రేగింది, అదే ఏడాది 295ఎ సెక్షన్ పుట్టింది. ఒక వర్గం మత భావాలను రెచ్చగొట్టాలన్న బుద్ధిపూర్వకమైన దురుద్దేశంతో అవమానిస్తే శిక్ష అని అది చెప్పింది. ఇక్కడ చూడాల్సిన పదాలు ‘బుద్ధిపూర్వకం’, ‘దురుద్దేశం’. భావాల గురించి రాసిన సెక్షన్‌లో కూడా కొలిచేది విన్నవాడి నొప్పిని కాదు, అన్నవాడి బుద్ధిని. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సెక్షన్‌ని నిలబెట్టింది కూడా ఆ రెండు పదాల బలంతోనే. ప్రతి అవమానమూ దీని కిందికి రాదు, దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానమే వస్తుందని కోర్టు గిరి గీసింది.

ఆ గిరి ఆచరణలో ఎంత పలచనో అనంతపురం చూపించింది. 2013లో ఒక వ్యాపార పత్రిక క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తిలా అట్ట మీద వేసింది. ఒక్కో చేతిలో ఆయన ప్రచారం చేసే ఒక్కో సరుకు పెట్టింది, వాటిలో ఒకటి బూటు. బొమ్మ గీసిందీ, అచ్చేసిందీ పత్రికవాళ్లు. అయినా మనోభావాలు దెబ్బతిన్నాయంటూ అనంతపురం కోర్టులో ఫిర్యాదు దాఖలైంది. 2016 జనవరిలో ధోనీ మీద నాన్‌బెయిలబుల్ వారంటు కూడా జారీ అయింది. చివరికి 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. తెలియకనో, అజాగ్రత్తతోనో చేసినదీ, దురుద్దేశం లేనిదీ ఈ సెక్షన్ కిందికి రాదని 1957 నాటి మాటనే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అరవై ఏళ్లుగా స్పష్టంగా ఉన్న న్యాయసూత్రం కింది కోర్టు గుమ్మం దాకా చేరలేదన్నమాట. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని టీవీలు రోజూ వాడే ఆ వాక్యంలో కర్త మాయమవుతాడు. ఎవరు కొట్టారు, ఏ ఉద్దేశంతో కొట్టారు అని అడిగే చోటే మిగలదు. దెబ్బ ఉంది కాబట్టి కొట్టినవాడు ఉండే తీరాలనుకుని, దొరికిన పెద్ద పేరును ముద్దాయిని చేశారు. అంతటి స్తోమత ఉన్న మనిషికే కేసు కొట్టేయించుకోవడానికి ఏళ్లు పట్టింది. వాయిదాలకు తిరిగే తాహతు లేని రచయితకు, కార్టూనిస్టుకు, కాలేజీ కుర్రాడికి తీర్పు అక్కర్లేదు, విచారణే శిక్ష.

ఆ గిరిని కూడా చెరిపేసి ‘నొప్పించేది’ అన్న మాటనే నేరానికి కొలబద్ద చేస్తే ఏమవుతుందో ఐటీ చట్టం 66ఎ సెక్షన్ చూపించింది. బాగా నొప్పించే సందేశం, చిరాకు కలిగించే సందేశం పంపితే మూడేళ్ల దాకా జైలు అంది అది. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణానంతరం ముంబై బంద్‌ని ప్రశ్నిస్తూ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఆమె స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని మొత్తంగా కొట్టేసింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించింది కృష్ణా జిల్లా బిడ్డ జస్టిస్ చలమేశ్వర్, తీర్పు రాసింది జస్టిస్ నారిమన్. అందులో ఒక బ్రిటిష్ కేసు ప్రస్తావన ఉంది. ఒకాయన తన ఎంపీ కార్యాలయానికి ఫోన్ చేసి జాతిని కించపరిచే మాటలు వదిలాడు. అవి బాగా నొప్పించేవి కావని కింది కోర్టులన్నాయి, ముమ్మాటికీ అవుననేసింది ప్రభువుల సభ. చట్టం చదివి జుట్టు నెరిసినవాళ్లకే రెండు రకాలుగా తోచిన మాటను ఠాణాలో హెడ్ కానిస్టేబుల్ ఎలా తూచగలడు? ఆ బ్రిటన్లోనే 2005లో పోలీసు గుర్రాన్ని గే అన్నందుకు ఒక ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిని అరెస్టు చేసి నవ్వులపాలయ్యారు. చివరికి ఆ అరెస్టుకు ఆధారమైన ప్రజాశాంతి చట్టం సెక్షన్ నుంచి ‘అవమానకరమైన’ అన్న మాటను 2013 నాటి సవరణతో తీసేశారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మాటను అంత తేలిగ్గా తీసిపారేస్తే, తరతరాలుగా మాటలతోనే మనుషుల్ని తొక్కిన దేశంలో న్యాయం ఎక్కడుంది? అది నిజమైన ప్రశ్న. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని వెనక కారంచేడు ఉంది. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపారు, దానికి మొదలు తాగే చెరువు నీటిని పాడుచేయొద్దని ఒక దళిత స్త్రీ ఎదురు చెప్పడం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు, దాని వెనక సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా ఉంది. ఈ రెండు చోట్లా ‘నొచ్చుకున్నది’ ఎవరు? పెత్తనం చేసేవాళ్లు. ఎదురు మాట వాళ్లకు అవమానం, తగిలిన కాలు వాళ్లకు అపచారం. నొప్పినే కొలబద్దగా పెట్టుకుంటే వాళ్ల నొప్పికీ అందులో చోటివ్వాల్సి వస్తుంది. అందుకే ఆ చట్టం నొప్పిని కొలవలేదు. ఎవరు ఎవరిని, కించపరచాలన్న ఉద్దేశంతో, నలుగురూ చూసే చోట అవమానించారన్నది కొలిచింది. ఇంటి గేటు దగ్గర దారినపోయేవాళ్లకు వినపడేలా కులం పేరుతో తిట్టడం నలుగురిలో తిట్టినట్టేనని 2008లో సుప్రీంకోర్టు అంది, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య మాటలకు అది వర్తించదని 2020లో అంది. రెండో తీర్పుతో ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు. కానీ వాదన జరుగుతున్నది చోటు గురించి, సాక్షుల గురించి, అధికారం గురించి. ఒకరి మనసు లోతు గురించి కాదు. అవమానాన్ని నేరం చేయడం తప్పని నా వాదన కాదు. నేరంగా చేసినప్పుడు దానికి బయట కనిపించే కొలతలు ఉండాలన్నదే వాదన.

రెండో అభ్యంతరం శాంతిభద్రతలది. చట్టం పట్టించుకోకపోతే జనం కర్రలు పట్టుకుంటారు కదా అంటారు. రాజ్‌పాల్ కథే దీనికి జవాబు. 295ఎ వచ్చింది 1927లో, ఆయన తన దుకాణంలోనే హత్యకు గురైంది 1929 ఏప్రిల్‌లో. చట్టం వస్తే కోపం చల్లారుతుందన్న లెక్క ఆనాడే తప్పింది. పైగా కర్ర పట్టుకుంటే ఎదుటివాడి మీద కేసు పెట్టించొచ్చన్న ఆశ చూపడం వల్ల రేపు మరొకరు కర్ర వెతుక్కుంటారు. మూడో అభ్యంతరం మన భాషలోంచే వస్తుంది. తెలుగులో మాత్రం కలగాపులగం లేదా? కరెంటు బిల్లు ఆలస్యమైతే అపరాధ రుసుము, డిటెక్టివ్ నవలలో అపరాధ పరిశోధన, గుళ్లో దేవుడి ముందు అపరాధ క్షమాపణ, అన్నీ ఒకే మాట కదా? నిజమే. అపరాధం, ఆరాధన ఒకే ధాతువు బిడ్డలు, ఒకటి మెప్పించడం, ఇంకొకటి మెప్పు తప్పడం. కాకపోతే గుళ్లో ఆ మాట అనేవాడు తన తప్పు తానే ఒప్పుకుంటున్నాడు. దేవుడు నొచ్చుకున్నాడని పక్కవాడి మీద ఫిర్యాదు రాసివ్వడం లేదు. ఈనాటి ఆఫెన్స్ గొడవలన్నీ ఎదుటివాడి ఖాతాలో వేయడానికే.

2025 మార్చిలో ఒక పార్లమెంటు సభ్యుడి కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసు కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఒక మంచి దారి చూపింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే మాటల నేరాల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ జరపడమే మేలంది. మాట ప్రభావాన్ని నిబ్బరం గల మనిషి కళ్లతో చూడాలి గానీ, ప్రతిదానికీ ఉలిక్కిపడే మనసుతో కాదంది. ఇది మెకాలే సిరాబుడ్డి సూత్రమే, దాదాపు రెండు శతాబ్దాల తర్వాత. ఫిర్యాదు అందుకున్న ఎస్సై ముందు అడగాల్సింది ‘మీకెంత నొప్పి కలిగింది’ అని కాదు, ‘ఆయన ఏం చేశాడు, ఎందుకు చేశాడు, ఎవరి ముందు చేశాడు’ అని. దానికి జవాబుంటే కేసు. లేకపోతే ఫిర్యాదుదారుకి మిగిలిన దారులు తక్కువేం కాదు: జవాబు రాయొచ్చు, ముఖం మీదే అడగొచ్చు, ఆ పత్రిక కొనడం మానేయొచ్చు, నలుగురిలో నిలదీయొచ్చు. నొచ్చుకునే హక్కును ఎవరూ ఎవరినుంచీ లాక్కోలేరు. దాన్ని అరెస్టు వారంటుగా మార్చుకునే హక్కు మాత్రం ఎవరికీ ఉండకూడదు.